తుమ్మెద పలికిన మాట

భాషలోని మాటలన్నియు ఒకే త్రోవను వచ్చినవి కావు. కొన్ని తాతముత్తాతలనుండి మనకు సంక్రమించినవి. కొన్ని పొరుగువారినుండి ఎరవు తెచ్చుకొన్నవి. మఱికొన్ని మనుష్యుడు చెవియొగ్గి విని, విన్నదానిని నోటితో పలుకబోయినప్పుడు పుట్టినవి. కాకి ‘కా’ యని అఱచుటచేతనే దానికి కాకి యను పేరు వచ్చినది. గలగల, చిటపట, కిచకిచ మొదలైన మాటలును ఇట్టివే. వీనిని మన పెద్దలు ధ్వన్యనుకరణములనిరి. ఈ పాఠమున అట్టి మాటయొక్క పుట్టుకను విచారింతము. అది ఆంగ్లభాషలో ‘హమ్’ అను క్రియ. తెలుగున ‘జుమ్మను’ అను క్రియ.

ఈ విచారమునకు కోనసీమకంటె తగిన చోటు వేఱొకటి లేదు. గౌతమికిని వసిష్ఠకును నడుమ, వైనతేయ పాయ చీల్చుకొని పోవు ఈ సీమలో, అమలాపురము మొదలుకొని రాజోలు, కొత్తపేటల వఱకు కొబ్బరితోటలు, అరటితోటలు, వరిచేలు కలవు. ఉదయమున కొబ్బరితోటలోనికి పోయి, క్రొత్తగా విచ్చిన పూగుత్తి క్రింద నిలువుడు. పైనుండి సన్నని నాదము వినవచ్చును. అది తేనెటీగల రొద. పెరటిలో వంగపాదుల కడకు పోయినచో, నల్లని తుమ్మెద యొకటి అంతకంటె బొంగురైన నాదమును చేయుచు తిరుగుచుండును. వీధి మొగను నున్న ట్రాన్స్‌ఫార్మరు రేయింబవళ్లు గుయ్యిమనుచుండును. అరుగుమీద అవ్వ పెదవులు మూసికొని కూనిరాగము తీయుచుండును. ఈ నాలుగు ధ్వనులకును ఆంగ్లేయుడు ‘హమ్’ అను ఒక్క మాటనే వాడును. మనము మాత్రము రొద, జుమ్మనుట, గుయ్యిమనుట, కూనిరాగము అని వేర్వేఱుగా చెప్పుచున్నాము.

‘హమ్’ అను మాట క్రొత్తది కాదు. పదునాలుగవ శతాబ్దపు ఆంగ్లమునందే అది కానవచ్చుచున్నది. దానికి లాటిను మూలము లేదు, గ్రీకు మూలము లేదు. తేనెటీగ రొదను విని నోటితో అనుకరించుటయే దాని మూలము. ఆంగ్లమునకు జ్ఞాతియైన జర్మను భాషలో బొద్దుగా రోమములతో నుండు తేనెటీగజాతి కీటకమునకు ‘హుమ్మెల్’ అనియు, డచ్చి భాషలో ‘హొమ్మెల్’ అనియు పేర్లు కలవు. ఆంగ్లమున ఆ కీటకమును పూర్వము ‘హంబుల్ బీ’ యనుచుండిరి. 1859లో ప్రకటింపబడిన ‘జాతుల పుట్టుక’ అను గ్రంథమున డార్విను మహాశయుడును ఈ పేరునే వాడెను. ఆంగ్లమున ‘హంబుల్’ అనగా వినయముగల అను అర్థముకూడ కలదు. అందుచేత ఈ కీటకము మిక్కిలి వినయశీలి కాబోలునని కొందఱు భ్రమపడుదురు. కాని ఈ పేరునకును వినయమునకును సంబంధము లేదు. ‘హమ్’ అనునది కావుననే అది ‘హంబుల్ బీ’. నేడు ఆ పేరు మఱుగుపడి ‘బంబుల్ బీ’ యను పేరే నిలిచినది. దానిలోని ‘బంబుల్’ కూడ రొదను అనుకరించిన మాటయే.

విద్యార్థులారా, ఇచ్చట ఒక చిన్న పరీక్ష చేయుడు. పెదవులు మూసి ‘మ్’ అని దీర్ఘముగా పలుకుడు. గాలి నోటినుండి రాక ముక్కునుండి వచ్చును. నాదము తెగక సాగును. పెదవులమీద వ్రేలుంచినచో అదరుట తెలియును. తేనెటీగ రొదకును ఇదియే లక్షణము. అది తెగదు, సాగును, అదరును. అందుచేతనే ఆంగ్లేయుని ‘హమ్’లోను, మన ‘జుమ్ము’లోను, సంస్కృతపు ‘ఝంకారము’లోను ముక్కుతో పలుకు నాదమే చోటు చేసికొన్నది. ఆంగ్లేయుడును మనమును, ఒకరి మాట నొకరు వినని కాలమున, ఈగ రొదను విని, ఒకేవిధముగా పెదవులు మూసితిమి. ఇది యొకరినుండి యొకరు నేర్చినది కాదు. చెవియు నోరును అందఱకును ఒక్కటియే యగుటచేత కలిగినది.

అయితే ధ్వని పోలినంతమాత్రమున అర్థముకూడ కలియునని తలపరాదు. సంస్కృతమున ‘హుంకారము’ అను మాట కలదు. అందును ‘హుమ్’ అను నాదమే యున్నది. కాని అది తుమ్మెద పాట కాదు, కోపముతో గద్దించుట. పెదవులు మూసి చేయు నాదమునే యొక జాతి తేనెటీగకు పెట్టినది. మఱియొక జాతి అలిగిన వీరునికి పెట్టినది. కావున రెండు భాషలలో మాటలు ఒకే రీతిగా వినబడిన వెంటనే అవి చుట్టములని తీర్మానించుట తొందరపాటు. మాటయొక్క పాత రూపములను, దాని జ్ఞాతిభాషలలోని రూపములను విచారించిన పిమ్మటనే చుట్టఱికము నిర్ణయింపవలెను.

ఆంగ్లమున ఇదే అర్థము గల మఱియొక క్రియ కలదు. అది ‘బాంబినేట్’. పండితులు తప్ప ఇతరులు దానిని వాడరు. దాని చరిత్ర వినోదకరమైనది. గ్రీకులు రొదను ‘బొంబొస్’ అనిరి. లాటినువారు దానిని ‘బాంబస్’ అని గ్రహించిరి. ఈ మాటకు రెండు సంతతులు కలిగినవి. ఒకటి, కీటకశాస్త్రజ్ఞులు బంబుల్ బీ జాతికి పెట్టిన ‘బాంబస్’ అను శాస్త్రీయ నామము. రెండవది, ఇటలీ, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లమునకు వచ్చిన ‘బాంబు’. పూవుమీది ఈగ రొదకు పెట్టిన మాటయే ఊళ్లను కూల్చు ఆయుధమునకు పేరైనది! మాటలకును మనుష్యులవలెనే మంచి వంశమున పుట్టి చెడు పనులలో దిగు అవస్థలు కలవు.

‘బాంబినేట్’ అను క్రియకు ప్రచారము తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు హాస్యరచయిత రాబ్లే. ఆయన 16వ శతాబ్దమువాడు. నాటి పండితులు కొందఱు ప్రయోజనము లేని విషయములమీద వాదములు సల్పుచు కాలము పుచ్చుచుండిరి. వారిని వెక్కిరించుటకై రాబ్లే ఒక గ్రంథాలయపు పుస్తకముల పట్టికను కల్పించి, అందు లేనిపోని పుస్తకముల పేర్లను చేర్చెను. అందొక పుస్తకపు విషయమిది: సింహపు ముఖము, మేక మొండెము, పాము తోక గల చిమెరా యను కల్పితజంతువు, గాలియైన లేని శూన్యములో రొదచేయుచు, తర్కశాస్త్రపు భావములను మేయగలదా? లేని జంతువు, లేని తావు, లేని మేత! ఈ పరిహాసమునందలి లాటిను క్రియయే 19వ శతాబ్దమున ఆంగ్లమునకు చేరినది. శూన్యమున రొద పుట్టదను సంగతి తరువాతి కాలమున రుజువైనది. 1660లో రాబర్ట్ బాయిల్ అను శాస్త్రజ్ఞుడు, గాలిని తోడివేసిన పాత్రలో నుంచిన గడియారపు చప్పుడు వినబడదని ప్రకటించెను. అర్థము తెలియక పాఠమును వల్లించు విద్యార్థి రొదకూడ ఇట్టి శూన్యపు రొదయే యని గ్రహింపుడు.

ఇక మన భాషలకు వత్తము. సంస్కృతమున ‘గుంజ్’ అను ధాతువునకు అవ్యక్తమధురముగా ధ్వనించుట అని యర్థము. గుంజనము, గుంజారవము అనునవి దానినుండి వచ్చినవి. తుమ్మెదకు మాత్రము పేర్లు పలు త్రోవలను వచ్చినవి. తేనె త్రాగునది మధుపము. ఆఱు కాళ్లు గలది షట్పదము. తిరుగునది భ్రమరము. ఆ ‘భ్రమర’ శబ్దమున రెండు రేఫలున్నవి కావున ‘ద్విరేఫము’ అనియు నొక పేరు పెట్టిరి. ఈగను చూచి పెట్టిన పేరు కాదు. ఈగ పేరును చూచి పెట్టిన పేరు! శ్రీశైలమున వెలసిన అమ్మవారు భ్రమరాంబ. అచ్చట ఆలయపు వెనుక గోడకు చెవి యానించినచో తుమ్మెద నాదము వినబడునని భక్తులు చెప్పుదురు. భాగవతమునందలి గోపికలు తమ గోడు చెప్పుకొన్నది తుమ్మెదతోనే. ఇంత చిన్న ప్రాణికి మన సాహిత్యమున ఇంత పెద్ద పీట దొరకినది.

తెలుగున ‘తుమ్మెద’ అను పేరు దేశ్యము. తమిళమున ‘తుంబి’ యనియు, కన్నడమున ‘దుంబి’ యనియు దాని చుట్టములు కలవు. తేనెను కూర్చునది తేనెటీగ. ప్రాచీనులు వాడిన ‘జుంటీగ’ యను మాటయు నున్నది. జుంటితేనె యని మనము నేటికిని అనుచున్నాము. ఇప్పుడు ‘జుమ్మను’ అను క్రియను విడదీసి చూడుడు. జుమ్ము, అను. ‘అను’ అనగా పలుకు. ‘తుమ్మెద జుమ్మనెను’ అనగా తుమ్మెద ‘జుమ్’ అని పలికినదని యర్థము. ఆంగ్లేయుడు ధ్వనినే క్రియగా మార్చుకొన్నాడు. తెలుగువాడు ధ్వనిని అట్లే యుంచి, దాని ప్రక్కన ‘అను’ అను క్రియను చేర్చినాడు. మన భాషలో ధ్వనిచేయు ప్రతి వస్తువును ఏదో యొకటి పలుకుచున్నదే. గంట గణగణమనును, వాన జోరుమనును, నూనెలో ఆవాలు చిటపటమనును. ‘అను’ తోడు లేక నిలిచిన మాటలును లేకపోలేదు. కథ వినువాడు ‘ఊఁ’ యనుటను ‘ఊఁకొట్టుట’ యందుము. ఎదురాడ జంకినవాడు నోటిలో గొణుగును. మనసు కుదరనివాడు సణుగును.

ఈ సంపద తెలుగునకే కాక మన దేశపు భాషలన్నిటికిని గలదు. అమెరికా పండితుడు ఎమెనో 1969లో దీనినిగూర్చి యొక వ్యాసము వ్రాసెను. ఆయన బరోతో గలిసి ద్రావిడభాషల వ్యుత్పత్తి నిఘంటువును కూర్చినవాడు. సంస్కృత కుటుంబపు భాషలు వేఱు, ద్రావిడభాషలు వేఱు అయినను, ఈ ధ్వన్యనుకరణముల విషయమున అవి చిరకాల సహవాసముచేత ఇచ్చిపుచ్చుకొన్నవని ఆయన చూపెను. పట్టణమునకు పోయి చదువుకొన్న కొందఱు ‘జుమ్మనుట’, ‘గుయ్యిమనుట’ మోటుమాటలని తలచి, వాని బదులు ఆంగ్లపదమును వాడుట గౌరవమనుకొందురు. ‘హమ్’ అనునది ఎట్లు పుట్టినదో యెఱిగినవాడు అట్లు తలపడు. అదియు ఒక పల్లెటూరివాడు తోటలో నిలిచి విని పలికిన మాటయే. వాని తోట ఇంగ్లండులోనిది, మన తోట కోనసీమలోనిది, భేదమంతయు నింతియే.

తుమ్మెద నిజముగా పలుకుచున్నదా? దానికి మనకువలె కంఠనాళము లేదు. తేనెటీగ ఎగురునప్పుడు ఱెక్కలను సెకనుకు సుమారు 230 మార్లు ఆడించును. ఆ కంపమే మనకు నాదముగా వినబడును. దోమ ఱెక్కలు అంతకంటె వేగముగా నాడును; కావున దాని నాదము సన్ననిది. మనము ముందు చెప్పుకొన్న ట్రాన్స్‌ఫార్మరు సెకనుకు 100 మార్లు కంపించును. కావున దాని నాదము బొంగురైనది. కంపము హెచ్చినకొలది నాదము సన్నమగునని దీనివలన తెలియుచున్నది.

రొద ఎగురుటవలన కలుగు వ్యర్థపు చప్పుడు మాత్రమే కాదు. కొన్ని పూలయెడ అది పనిముట్టు. వంగపూవును పరికింపుడు. నడుమ పసుపుపచ్చని కేసరములు గొట్టములవలె నుండును. పుప్పొడి ఆ గొట్టముల లోపల నుండును; కొనయందలి చిన్న రంధ్రము తప్ప దానికి బయటికి దారి లేదు. తుమ్మెద వచ్చి, పూవును కాళ్లతో గట్టిగా పట్టుకొని, ఱెక్కలను విప్పకయే ఎగురుటకు వలసిన కండరములను అదరించును. అప్పుడు దాని నాదము మాఱి బిగువుగా వినబడును. ఆ యదురునకు పుప్పొడి ఉప్పుడబ్బానుండి ఉప్పువలె రాలును. సాధారణపు తేనెటీగకు ఈ విద్య రాదు. ఎండుకొయ్యను తొలిచి గూడు కట్టుకొను నల్లని తుమ్మెద దీనిని చక్కగా నెఱుగును. వంగపూవు తన పుప్పొడితో తాను కొంత ఫలించినను, తుమ్మెద వచ్చిపోవు పాదు బాగుగా కాయును. కొబ్బరికిని ఇట్టి సాయము కావలెను. పొడుగు రకపు కొబ్బరిలో ఒక గుత్తిలోని మగపూలు ముందు విచ్చి రాలిపోవును. ఆడుపూలు పిమ్మట సిద్ధమగును. కావున వేఱొక గుత్తినుండియో, చెట్టునుండియో పుప్పొడి రావలెను. ఆ పనిని గాలియు తేనెటీగలును చేయుచున్నవి.

ఇటీవల కోనసీమ చేలమీద మఱియొక రొద వినబడుచున్నది. అది డ్రోనుది. ఈ పేరునకును మన పాఠముతో సంబంధము కలదు. ఆంగ్లమున ‘డ్రోన్’ అనగా పోతుటీగ. తేనె కూర్పనిది, ముల్లు లేనిది. దాని రొదనుబట్టి ‘డ్రోన్’ అనునది బొంగురుగా రొదచేయుట అను క్రియయు నైనది. 1935లో ఆంగ్లేయులు ఫిరంగి గుఱి అభ్యాసమునకై మనిషి లేక రేడియోచే నడచు విమానమును నిర్మించి దానికి ‘క్వీన్ బీ’, అనగా రాణియీగ, అని పేరు పెట్టిరి. పిమ్మట అమెరికా నౌకాదళమువారు తమ మనిషిలేని విమానములను ‘డ్రోన్’ అనిరి. రాణియీగకు జోడుగా పోతుటీగ పేరు పెట్టిరని చెప్పుదురు. నేడు పొలమున మందు చల్లు డ్రోను సామాన్యముగా 10 లీటర్ల మందును మోసికొని పోగలదు. కూలీలు దొరకని కాలమున అది రైతునకు గొప్ప సాయము. మందు మనుష్యునిమీద పడకుండ కాపాడుచున్నది కూడ.

కాని ఒక్క సంగతి మఱువరాదు. ఈగ పేరు పెట్టుకొన్న యంత్రము చల్లు మందు ఈగనే చంపవచ్చును. వరి తన పుప్పొడితో తానే ఫలించును. దానికి ఈగతో పని తక్కువ. అయితే వరిచేని గట్టుమీదనే కొబ్బరిచెట్లున్నవి. గట్టు దాటినచో వంగతోట యున్నది. గాలి మందును అచ్చటికి తీసికొనిపోవును. అందుచేత పూత వేళ మందు చల్లరాదనియు, తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన సాయంకాలమున, గాలి లేనప్పుడు చల్లవలెననియు వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానమువారు కొబ్బరికి చేటుచేయు పురుగులను అణచుటకు మిత్రకీటకములను పెంచుచున్నారు. పురుగును పురుగుచేతనే అణచు ఆ పద్ధతివలన తేనెటీగకు హాని లేదు. ఏ మందును ఏ వేళ చల్లవలెనో తల్లిదండ్రులతో ముచ్చటించుట మీవంటి చదువుకొన్న పిల్లల ధర్మము.

మాటలనుకూడ ఇట్లే కాపాడుకొనవలెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ‘మాండలిక వృత్తిపదకోశము’ మొదటి సంపుటము 1962లో వెలువడినది. అందు సేద్యపు మాటలను కూర్చిరి. పిమ్మట చేనేత మాటలతో మఱియొక సంపుటము వచ్చినది. పండితులు ఊరూర తిరిగి, రైతులను నేతగాండ్రను అడిగి, వారు పలికిన మాటలను పలికినట్లే వ్రాసికొనిరి. ఆ పని ముగిసినది కాదు. బండారులంకలో మగ్గము ఆడునప్పుడు నేతగాడు ఆ చప్పుడును ఏమనును? కొబ్బరిపీచుతో తాడు పేనువారు రాట్నపు రొదను ఏమందురు? తేనెపట్టు పట్టువాడు కోపించిన ఈగల రొదను, నెమ్మదిగా నున్న ఈగల రొదను ఏ మాటలతో వేఱుచేయును? అడిగి వ్రాసికొన్నచో మీ పుస్తకమున నిఘంటువులకెక్కని మాటలు నిలువవచ్చును.

ధ్వనినుండి పుట్టిన మాటకు ఆ ధ్వనియే ప్రాణము. గువ్వ కానరాని ఊరిలో ‘కువకువ’ అర్థముకాదు. తుమ్మెద లేని పెరటిలో ‘జుమ్మను’ అనునది నిఘంటువులోని యొక వరుస మాత్రమే యగును. అర్థము చెప్పవచ్చును గాని వినిపింపలేము. కావున ఈ మాటను నేర్చుట యనగా రెండు పనులు చేయుట. పరభాషాపదమును నేర్చునప్పుడు స్వభాషాపదమును చిన్నచూపు చూడకుండుట యొకటి. ఆ పదమును మనకిచ్చిన ప్రాణి మన తోటలో బ్రదుకునట్లు చూచుట రెండవది. రేపు ఉదయము పెరటిలోనికి పోయి, వంగపూవుమీద తుమ్మెద వ్రాలినప్పుడు కదలక నిలిచి వినుడు. అది ఏమనుచున్నదో మీ చెవితో విని, మీ మాటతో వ్రాయుడు.

ప్రశ్నలు

1. ‘హంబుల్ బీ’ యను పేరునకును వినయమునకును సంబంధము లేదని యెట్లు చెప్పగలము?

2. ‘జుమ్మను’ అను క్రియ ఏర్పడిన విధమును, ‘హమ్’ అను క్రియ ఏర్పడిన విధమును పోల్చి వ్రాయుడు.

3. వంగపూవునకు తుమ్మెద రొద ఎట్లు ఉపకరించుచున్నది?

4. పూత వేళ మందు చల్లరాదనుటకు కారణమేమి?

5. మీ ఊరిలో ఒక వృత్తివారు తమ పనిముట్ల చప్పుళ్లకు వాడు మాటలు ఐదు సేకరించి, ఒక్కొక్క దానిని వాక్యమున ప్రయోగింపుడు.